పడవలో మూడో పాలు

"మీరమ్మిన పడవ చెప్పిన మాట వినడంల్యా" అన్నాడు జగదీశ్.

భారతి అప్పుడు ఒక పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూస్తోంది. తల ఎత్తకుండానే, "పడవకు చెవులుంటాయాప్పా?" అంది.

చుట్టూ కూచున్న దళారులు నవ్వారు. ప్రొద్దుటూరు ఆదివారం సంతలో నవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఒక ఆడపిల్ల దళారీ చేయడమే వాళ్లకు మూడు వారాలుగా చాలుతోంది.

జగదీశ్ నవ్వలేదు. జమ్మలమడుగు పైన డ్యాం నీళ్లొచ్చి ఊరు మునిగాక, గట్టున కట్టిన కొత్త కాలనీలో తల్లితోనూ అరవై గొర్రెలతోనూ ఉంటున్నాడు. ఇవతలి గట్టున గడ్డి లేదు. అవతల కొండ మీద ఉంది. రోడ్డు చుట్టి పోతే ఒక పూట నడక, నీళ్ల మీద పోతే అరగంట. అందుకే ఈ పాత పడవ కొన్నాడు. ఇది కుదరకపోతే ఎండలు ముదరకముందే మంద మొత్తాన్నీ కసాయి లారీ ఎక్కించాలి.

"సాయంత్రం కాలనీ గట్టున కట్టేస్తాండా. తెల్లారి చూస్తే ఆడ ఉండదు. మునిగిన ఊర్లో కరెంటు స్తంభాల కాడ నిలబడి ఉంటాది. పగ్గం తెగదు. ఎవురో కూచోని విప్పినట్ల ముడి విప్పి ఉంటాది."

"నీకు ముడెయ్యడం రాదేమో."

"గొర్రెలు కాసేటోనికి ముడి రాదా?"

అప్పుడు తల ఎత్తింది. పొట్టేలు ఆమె చేతిలోంచి జారుకుని పోయింది.

"పాత పడవకు వారంటీ యాడుంటాదప్పా?"

"వారంటీ అడగడంల్యా. మీ సంత మాటే అడుగుతాండా. దాచిన తప్పు బయటపడితే మూడో ఆదివారం లోపల వాపసు తీసుకోవాల. ఈపొద్దు రెండోది."

నవ్వులు ఆగిపోయాయి. రేకుల పాక కింద మంచం మీద కూచున్న భారతి తండ్రి సంజీవయ్య ఇటు తిరిగాడు. ముప్పై ఏళ్లు ఈ సంతలో ఎద్దులూ గొర్రెలూ మార్పించిన మనిషి. నీళ్లొచ్చాక ఎద్దులు అమ్మినవాళ్లే పడవలు అడగడం మొదలుపెడితే, "కాళ్లుంటేనేమి, తెడ్లుంటేనేమి, మధ్యలో మనిషి కావాల్సిందే గదా" అని వాటికీ బేరాలు కుదిర్చాడు. మోకాళ్లు పట్టేశాక తుండుగుడ్డ కూతురి చేతికిచ్చాడు. ఆమె సొంతంగా చేసిన మొదటి బేరం ఈ పడవే.

భారతి తండ్రి వైపు ఒకసారి చూసింది. "చూడకుండా రిటర్న్ తీసుకోను. రేపొస్తా" అంది జగదీశ్‌తో.

ఆమె వస్తానన్నాక అతని కోపం సగానికి సగం తగ్గింది. ఆ సంగతి అతనికే నచ్చలేదు. బేరం రోజు గుర్తొచ్చింది. సంతలో బేరం నోటితో జరగదు. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని, నొక్కి, విడిచి, తేల్చుకుంటారు. ఆ రోజు గుడ్డ కింద భారతి చేయి తన వేళ్లు పట్టుకోగానే జగదీశ్ బేరమే ఆడలేదు. మొదటి మాటకే తల ఊపాడు. "ఇంత మంచి గిరాకీ ఎప్పుడన్నా చూసినామా" అని దళారులు వారం రోజులు చెప్పుకున్నారంట.

*

సోమవారం పొద్దున భారతి షేర్ ఆటో దిగేసరికి పడవ గట్టున లేదు.

ఎండ బాగానే వచ్చింది. అయినా నీళ్ల మీద పొగలాంటిది తేలుతోంది. దాని మధ్యలోంచి కరెంటు స్తంభాల తలలు, ఎండిన తాటిమోడులు పైకి కనిపిస్తున్నాయి. వాటి నడుమ పడవ, వీధిలో ఎవరింటి ముందో ఆగినట్టు ఆగి ఉంది.

జగదీశ్ పక్కింటి అమీర్ బాషా గుండ్రటి పుట్టి అడిగి తీసుకుపోయి దాన్ని తోలుకొచ్చాడు. భారతి చీర చెంగు నడుముకు చెక్కుకుని, ఎద్దును చూసినట్టే పడవ చుట్టూ తిరిగింది. పక్కలు తట్టింది. అడుగున తారు గీకి వాసన చూసింది.

"పళ్లు చూడవా?" అన్నాడు జగదీశ్.

"నీ పళ్లే కనపడవు, దీనివి ఏం కనపడతాయి?"

అతనికి నవ్వొచ్చింది. పళ్లు కనపడ్డాయి. ఆమె చూడనట్టు ముఖం తిప్పుకుంది.

"ఇది చూడు" అని వెనక పలక చూపించాడు. పడవంతా ఎండకు పొడిగా ఉంది. వెనక పలక మీద మాత్రం జానెడు వెడల్పున తడి. భారతి కొంగుతో తుడిచింది. తుడిచినంతసేపు పోయింది. మళ్లీ వచ్చింది.

తర్వాత పది గొర్రెలను ఎక్కించాడు. అన్నీ ముందుకే తోసుకున్నాయి. ఒక్కటి కూడా వెనక పలక మీద నిలబడలేదు. ముక్కు చాచి వాసన చూసి, చెవులు వెనక్కి పెట్టి, తక్కిన వాటి మీద ఎక్కాయి. పడవ ముక్కు నీళ్లలోకి వంగింది.

"మొన్న రెండు నీళ్లలో పడినాయి. దూకి పట్టుకున్యా. ఇట్లయితే ఒకరోజు అన్నీ పోతాయి" అన్నాడు జగదీశ్.

భారతి ఆ ఖాళీ వైపే చూస్తోంది. ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూచుంటే పట్టేంత ఖాళీ.

జగదీశ్ తల్లి ఆదిలక్ష్మమ్మ గట్టు మీది నుంచి అంతా చూసి అడిగింది. "పాత పగ్గంతోనే ఇచ్చినారా దీన్ని?"

భారతి నాలుక కరుచుకుంది. గొడ్డును అమ్మేటప్పుడు అమ్మినవాడి పగ్గం వాడికే విప్పి ఇవ్వాలి. కొన్నవాడు కొత్త పగ్గం తెచ్చుకోవాలి. పాత పగ్గంతో వస్తే గొడ్డు పాత కొట్టానికే పోతుంది. సంతలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"పడవకు అదంతా ఎందుకులే అనుకున్యా పెద్దమ్మా."

"అనుకుంటావు. అది నీ మాదిరి అనుకుంటాదా?"

*

పగ్గం తిరిగి ఇవ్వడానికి బుధవారం ఇద్దరూ పులివెందుల బస్సెక్కారు. పడవ అమ్మిన కమాల్ బాషా అక్కడే కూతురి ఇంట్లో ఉంటున్నాడు. పగ్గం జగదీశ్ ఒడిలో ఉంది. కండక్టరు చూసి, "ఎద్దు యాడప్పా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. భారతి కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంది.

ముద్దనూరు దాటాక అడిగాడు. "ఆడోళ్లు ఎవురూ చేయరు గదా ఈ పని. నీకెందుకు?"

"చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూచున్యా. నోటితో అబద్ధాలాడే మనిషి కూడా గుడ్డ కింద ఆడలేడంటాడు నాయన. చేయి చెప్పేస్తాదంట." కాసేపాగి, "గొడ్డులో ఎంతమందికి పాలూ వాటాలూ ఉంటే అంతమంది చేయీ పట్టాల. ఒకర్ని మరిచినా బేరం నిలబడదు. అది ఆయన మొదట నేర్పిన పాఠం."

"నా చేయి ఏం చెప్పిందో?"

"శానా చెప్పింది" అంది భారతి.

కమాల్ బాషా కూతురు మైమూన్ చీనీకాయల రసం ఇచ్చింది. ముసలాయన పగ్గం చేతిలోకి తీసుకుని రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఇది నాది కాదే. నేను దాన్ని ఎప్పుడూ కట్టేయలే. కొన్నప్పుడు ఇది దాంట్లోనే ఉన్నింది, అట్లే ఉంచినా."

"మరి పడవ పోతే?"

"పోతాది. పొద్దు గూకితే పోతాది, తెల్లారితే వస్తాది. కట్టేస్తే మాత్రం అలిగి రాదు." ముసలాయన భారతి వైపు తిరిగాడు. "ఈ పాపకు చెప్పినా గదా. కట్టేయొద్దు, వదిలేస్తే అదే వస్తాదని. చెప్పలేదామ్మా నువ్వు?"

జగదీశ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవురి కోసం పోతాది?" అని అడిగాడు.

"ఊరు మునిగిన రోజు అందరూ లారీలెక్కినారు నాయనా. అందరూ కాలనీలో దిగినారో లేదో ఎవురు చూసినారు?" అన్నాడు కమాల్ బాషా.

*

తిరుగు బస్సులో వాన మొదలైంది. కిటికీ షట్టరు పట్టేసి దిగలేదు. ఇద్దరి మీదా జల్లు పడుతోంది. ఎవరూ లేచి పక్క సీటుకు పోలేదు.

"నీకు ముందే తెలుసు" అన్నాడు జగదీశ్.

"ముసలాయన చాదస్తం అనుకున్యా."

"ఎద్దు తన్నుతాదని అమ్మినోడు చెప్పి, దళారి కొన్నోనికి చెప్పకపోతే మీ సంతలో ఏమంటారు?"

భారతి ముఖం తుడుచుకుంది. వాన నీళ్లే కావచ్చు. "దొంగ బేరం అంటారు."

"మరి?"

"మొదటి బేరం. చెడిపోతాదని భయమేసింది. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని." వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. ఆదివారం రా. అందరి ముందరా నేనే ఒప్పుకుంటా. పడవ వాపసు తీసుకుంటా. ఇంగ నాయన నాకు గుడ్డ ఇయ్యడు. అది నా రాత."

అతను గెలిచాడు. పడవ వదిలిపోతుంది. ఆమె మళ్లీ సంతలో కనపడదు. ముద్దనూరు దగ్గర బస్సు ఆగినప్పుడు ఒక ముసలమ్మ ఎక్కి, "ఏం నాయనా, ఎవురన్నా పోయినారా?" అని అతన్ని అడిగింది.

*

ఆ రాత్రి నుంచి పడవను కట్టేయడం మానేశాడు. తెల్లారి లేచి గట్టుకు పోతే పడవ అక్కడే ఉంది. పక్కలకు తడి నాచు అంటుకుని ఉంది. వెళ్లి వచ్చింది. శుక్రవారమూ అంతే, శనివారమూ అంతే. గొర్రెలు మాత్రం వెనక పలక ఎక్కలేదు.

శనివారం మధ్యాహ్నం భారతి వచ్చింది. రేపు ట్రాక్టరు మీద పడవను ఎట్లా ఎక్కించాలో చూసుకోవడానికి వచ్చానంది. తండ్రి తుండుగుడ్డ భుజాన ఉంది.

గాలి లేదు. నీళ్ల మీద ఒక్క ముడత లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మునిగిన ఊరు పైపైకి తేలుతున్నట్టుంది. నీళ్ల లోపల గోడల గీతలు కనపడుతున్నాయి.

"ఒక్కసారి గొర్రెలను ఎక్కించు" అంది.

ఎక్కించాడు. ముందుకే తోసుకున్నాయి. వెనక ఆ ఖాళీ అట్లాగే ఉంది. భారతి చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత మెల్లగా అంది.

"అమ్మినోని చేయి పట్టినా. కొన్నోని చేయి పట్టినా. ఈడ ఇంగొకరి పాలుండాది. వాళ్లను అడగలే."

"భారతీ, వద్దు. ఎక్కొద్దు."

"నేను చేసిన తప్పు ఇదేనప్పా. నువ్వు పడవ గట్టిగా పట్టుకో, చాలు."

జగదీశ్ మోకాలు లోతు నీళ్లలో దిగి పడవ పక్క పట్టుకున్నాడు. ఆమె గొర్రెలను తప్పించుకుని నడిమి పలక మీద, వెనక్కి తిరిగి కూచుంది. తడి పలకకు ఎదురుగా.

"పెద్దదానివో చిన్నదానివో తెలీదు" అంది ఖాళీతో. "నిన్ను అడగకుండా పడవ అమ్మించినా. తప్పు నాది. ఈయప్పది కాదు. ఇప్పుడు అడుగుతాండా. నీకేం కావాల్నో చెప్పు."

తుండుగుడ్డ పరిచి దాని కింద చేయి పెట్టింది.

గొర్రెలన్నీ ఒక్కసారి నెమరేయడం ఆపాయి. అంతకు ముందు ఆ చిన్న చప్పుడు ఉందని జగదీశ్‌కు అది ఆగాకే తెలిసింది.

గుడ్డ అవతలి కొస మెల్లగా లేచింది. కింద ఒక చేయి దూరితే లేచినంత. గాలికి కాదు. గాలి లేదు. లేచి, భారతి చేతి దాకా పాకి, అక్కడ నిలబడింది.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. పెదవులు బిగపట్టింది. ఒకసారి తల ఊపింది. ఒకసారి కాదన్నట్టు ఆడించింది. తర్వాత ఎందుకో చటుక్కున జగదీశ్ వైపు చూసి, అంతే వేగంగా తల దించుకుంది. గుడ్డ కింద ఆమె చేయి కదిలింది.

గుడ్డ కొస చదునుగా వాలిపోయింది.

భారతి చేయి బయటికి తీసింది. వేళ్ల కొసలు తెల్లబడి, చాలాసేపు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

"ఒప్పుకుంది" అంది.

అప్పుడు మందలో ముసలి గొర్రె ఒకటి వెనక్కి నడిచింది. తడి పలక దగ్గర ఆగి, వాసన చూసి, దాని మీద పడుకుంది. ఎవరో తల నిమిరితే ఆన్చినట్టు చెవులు వాల్చి కళ్లు మూసుకుంది. దాని వెనకే ఇంకో రెండు పోయాయి. పడవ ముక్కు నీళ్లలోంచి పైకి లేచి సమంగా నిలిచింది.

జగదీశ్ పడవ పక్క వదలకుండానే అడిగాడు. "చేయి ఎట్లుండె?"

"చిన్నది. సల్లగా." భారతి ముడుచుకుని కూచుంది. "గాజులుండాయి."

*

మూడో ఆదివారం సంత నడుమ భారతి లేచి నిలబడి అంతా చెప్పేసింది. కమాల్ బాషా చెప్పింది తను దాచానని, పడవ వాపసు తీసుకుంటానని అంది. గుడ్డ కింద జరిగింది మాత్రం చెప్పలేదు.

"ఆడపిల్ల చేతికి గుడ్డిస్తే ఇంతే" అన్నారెవరో.

సంజీవయ్య మంచం మీది నుంచే చేయి చాపాడు. "గుడ్డ ఇటియ్యి."

భారతి భుజం మీది గుడ్డ తీసింది. జగదీశ్ మధ్యలోకి వచ్చాడు. ఇంతమందిలో మాట్లాడటం అతనికి ఇదే మొదలు.

"వాపసు ఇస్తాననింది ఎవురు పెద్దాయనా? పడవ నాది. పది గొర్రెలు కదలకుండా నిలబడతాండాయి. నిన్న, ఈపొద్దు, రెండు దినాలు కొండకు తోలుకుపోయినా. తప్పు చేసింది, ఒప్పుకునింది, వచ్చి సరి చేసింది. ఈడ ఇంతమంది దళారులుండారు. తప్పు ఒప్పుకున్యోళ్లు ఎవురన్నా ఉంటే లేచి నిలబడండి."

ఎవరూ లేవలేదు. ఒక పొట్టేలు మాత్రం లేచింది. దాని యజమాని దాన్ని కూచోబెట్టాడు.

సంజీవయ్య కూతుర్ని చూశాడు. "సరి చేసినావా? ఎవురితో మాట్లాడి?"

భారతి చెప్పింది. ఈసారి గుడ్డ కింద పట్టిన చేయి గురించి కూడా చెప్పింది. దళారులు నవ్వుదామనుకున్నారు గాని ఆమె వేళ్లు చూసి ఊరుకున్నారు. ముడతలు ఇంకా పోలేదు.

"షరతులేంది?" అన్నాడు సంజీవయ్య. ముప్పై ఏళ్ల దళారి గొంతుతోనే అడిగాడు.

"రెండు. పొద్దు గూకినాక పడవ దానిది. ఎవురూ కట్టేయకూడదు. పగలు మాత్రం ఈయప్పది."

"రెండోది?"

భారతి కాలి బొటనవేలితో నేల గీసింది. "ఒక వేలు పట్టుకునింది. పడవలో ఒక్కడే వస్తాడా అని. ఒంటరిగా వచ్చేవాళ్లను చూస్తే దానికి దిగులంట. నేను..." అని ఆగింది.

"నువ్వు?"

"రెండు వేళ్లిచ్చినా నాయనా. ఇద్దరం వస్తామని."

జగదీశ్ చెవులు కాలిపోతున్నాయి. భారతి అతని వైపు చూడకుండానే, "నిన్నడగకుండా మాటిచ్చినా. మళ్లీ అదే తప్పు చేసినా. నీకిష్టం లేదంటే ఇప్పుడే చెప్పు మామా" అంది.

అప్పా అనేది ఇన్ని రోజులూ. మామా అన్న ఆ మాట సంతంతా విన్నది.

"నా చేయి ఎప్పుడో చెప్పింది గదా" అన్నాడు జగదీశ్.

సంజీవయ్య అల్లుణ్ని కాక పొట్టేలును చూసినట్టు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత కూతురి చేతిలోని గుడ్డ తీసుకుని దులిపి, తిరిగి ఆమె భుజం మీదే వేశాడు. "గుడ్డ కింద ఇచ్చిన మాట. నేను మాత్రం ఏం జేసేది? మీ అమ్మను తీసుకురా నాయనా" అన్నాడు.

*

తాంబూలాల రోజు సంజీవయ్య ఇంటివాళ్లు కాలనీకి వచ్చారు. లోపల పెద్దవాళ్లు ముహూర్తం కోసం క్యాలెండరు తిప్పుతుంటే, జగదీశ్, భారతి గట్టు మీదికి వచ్చారు. పొద్దు గూకుతోంది. సన్నటి తుంపర. పడవ ఒకసారి ఊగి, తెడ్డు లేకుండా మెల్లగా గట్టు వదిలింది. ఇద్దరూ దానికి దారి ఇస్తున్నట్టు ఒక అడుగు వెనక్కి జరిగారు.

అది స్తంభాల నడుమకు పోయి ఆగింది. కాసేపటికి నీళ్ల మీది నుంచి ఒక సద్దు వచ్చింది. చాలామంది ఆడవాళ్లు ఒకచోట చేరి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినట్టు.

జగదీశ్ ఇంకో అడుగు వెనక్కి వేశాడు. భారతి అతని చేయి పట్టుకుంది. ఈసారి పైన గుడ్డ లేదు.

"భయమేస్తాందా మామా?"

"నీకు ఏయడంల్యా?"

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగి, నీళ్ల వైపు చెవి పెట్టి విన్నది. చీకట్లో కూడా ఆమె బుగ్గలు ఎర్రబడటం అతనికి తెలిసింది.

"నాకు సిగ్గేస్తాంది" అంది. "వాళ్లు మనల్ని గురించే మాట్లాడుకుంటాండారు."